మిగిలిన ఒక్క కళ

సారు లాప్‌టాప్‌ను బట్టసంచిలో పెట్టుకుని వచ్చారు. బల్ల మీద పెట్టి, "రెండు నెలలైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఏం చేస్తవో చూడు," అన్నారు.

లింబాయత్‌లో నా రిపేరు కొట్టుకు ఇలాంటివి వస్తూనే ఉంటాయి. చార్జింగ్ ఎక్కదు, బటన్ నొక్కితే లేవదు. కానీ దీన్ని తెచ్చినాయన సూరత్ మునిసిపల్ తెలుగు బడిలో నా చేత అక్షరాలు దిద్దించిన మనిషి. ఛాందోగ్య ఉపనిషత్తు మీద నాలుగు నెలలుగా టైపు చేసుకున్న వ్యాసం అందులో ఉంది. మా పద్మశాలీలు జంధ్యాలు మార్చుకునే శ్రావణ పౌర్ణమి నాడు చదవాలని రాసుకుంటున్నారు.

"అంతా పోయినట్టేనా?"

"కరెంటు పోవుడు వేరు, యాది పోవుడు వేరు సార్. కూసోండి," అన్నాను.

ఈ మాట నేను ఊరికే అనను. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు తాపీ పొంగి సూరత్ మునిగిపోయింది. ఆ తర్వాతి నెలల్లోనే ఈ పని నేర్చుకున్నాను. అడాజన్ వైపు నుంచి వచ్చిన కంప్యూటర్లలో బురద ఎండి పెచ్చులు కట్టి ఉండేది. బ్రష్షుతో కడిగేవాళ్లం, ఆరబెట్టేవాళ్లం. చాలావరకు లేవలేదు. లేవని వాటిల్లోంచి కూడా, నీరు దిగని హార్డ్ డిస్కును తీసి ఇంకోదానికి తగిలిస్తే పెళ్లి ఫొటోలు, దుకాణం లెక్కలు ఉన్నవి ఉన్నట్టు బయటపడేవి. అప్పటి నుంచి "చచ్చిపోయింది" అనడానికి నాకు నోరు రాదు.

చార్జర్ పిన్ను దగ్గర మల్టీమీటర్ పెడితే 19.4 వోల్టులు చూపించింది. అంటే చార్జర్ బాగానే ఉంది. వెనక మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టరు ఊడదీశాను. ఫ్యాన్ రెక్కల నిండా సాంచెల (మరమగ్గాల) నుంచి లేచే పాలిస్టర్ నూగు. ఈ పేటల్లో ఏ యంత్రం విప్పినా అదే. పిన్ను దూర్చే జాక్ బోర్డుకు అతికిన చోట మీటర్ పెడితే సున్నా. భూతద్దంలో చూశాను. సోల్డర్ చుట్టూ వెంట్రుకంత పగులు, దాని చుట్టూ గోధుమరంగు కాలిన మరక. వైరు ఒక పక్కకు ఎత్తి పట్టుకుంటేనే చార్జ్ ఎక్కేదని, కింద అగ్గిపెట్టె పెట్టి నెట్టుకొచ్చానని సారు అప్పుడు చెప్పారు. ఆ పగులులో నిప్పురవ్వలు రేగి రేగి చివరికి దారి తెగిపోయింది. బ్యాటరీలో ఉన్నది అయిపోయింది. అంతే.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే లోపు సారు ఛాందోగ్యంలోని శ్వేతకేతు కథ ఎత్తుకున్నారు. చిన్నపిల్లలకు పాఠం చెప్పినట్టు నిదానంగా చెబుతారు ఆయన. మనిషికి పదహారు కళలు, అంటే అంశలు, ఉన్నాయని ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుతో అంటాడు. పదిహేను రోజులు అన్నం మానెయ్యి, నీళ్లు మాత్రం కావలసినన్ని తాగు, ప్రాణం నీటితో నిలుస్తుంది కనుక పోదు అంటాడు. కొడుకు అలాగే చేసి వస్తాడు. వేదం చెప్పమంటే ఒక్కటీ గుర్తుకు రావడం లేదంటాడు. పన్నెండేళ్లు గురుకులంలో చదివినవాడు! పెద్ద మంట ఆరిపోయి మిణుగురంత నిప్పు మిగిలితే అది దేన్ని కాలుస్తుంది, నీలోనూ ఒక్క కళే మిగిలింది, పోయి అన్నం తిను అంటాడు తండ్రి. తిని వచ్చాక ఏది అడిగితే అది చెబుతాడు. మిణుగురంత నిప్పుకు గడ్డి వేస్తే మళ్లీ భగ్గుమన్నట్టు.

"అయితే ఆ పదిహేను రోజులు వేదం యాడున్నది రా?" అన్నారు సారు.

నా పనిలో దీనికి ఒక జవాబుంది. లాప్‌టాప్‌లో యాది రెండు రకాలు. ర్యామ్‌లో ఒక్కో అక్షరమూ చిన్న చిన్న గిన్నెల్లో పోసిన విద్యుత్తు. గిన్నెలు కారుతుంటాయి. 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా మళ్లీ నింపకపోతే గిన్నె మరిచిపోతుంది. హార్డ్ డిస్కులో ఉన్నది అయస్కాంతపు గుర్తు. దానికి తిండి అక్కర్లేదు, ఏళ్ల తరబడి చీకట్లో పడి ఉంటుంది. కానీ చదవాలంటే పళ్లెం తిరగాలి, తిరగాలంటే కరెంటు కావాలి. శ్వేతకేతు వేదం డిస్కులో ఉంది, తిప్పే బలం లేదు. ఇలా చెబితే సారు సంతోషించారు. నాకు మాత్రం పూర్తిగా తృప్తి కాలేదు. తనకు గుర్తుకు రావడం లేదని శ్వేతకేతు తానే చెప్పాడు. లాప్‌టాప్ ఏమీ చెప్పలేదు. మరిచిపోయానని తెలిసినవాడు ఒకడు ఆ ఆకలిలోనూ మేలుకుని ఉన్నాడు.

పగులు శుభ్రం చేసి కొత్త సోల్డర్ పోశాను. మీటర్ పెడితే బోర్డు మీద 19.4 వచ్చింది, ఆ వెంటే చిన్న దారిలో 3.3 వోల్టులు. బటన్ నొక్కకముందే వచ్చే ఈ 3.3 మీద నాకు ఎప్పుడూ గౌరవమే. యంత్రమంతా పడుకున్నా ఒక చిన్న చిప్ ఆ కాస్త విద్యుత్తుతో మేలుకుని, ఎవరైనా బటన్ నొక్కుతారేమోనని కాచుకుని ఉంటుంది. ప్రశ్నోపనిషత్తులో గార్గ్యుడు పిప్పలాదుణ్ణి అడిగింది కూడా ఇదే: మనిషిలో ఏవి నిద్రపోతాయి, ఏవి మేలుకుని ఉంటాయి? ఈ పురంలో ప్రాణాగ్నులే మేలుకుని ఉంటాయన్నాడు పిప్పలాదుడు.

బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది. ర్యామ్ ముక్క తీసి, దాని బంగారు పళ్లను పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాను. ఈసారి తెర వెలిగింది. తేదీ మాత్రం 2017 జనవరి 1 అని చూపించింది. గడియారాన్ని నడిపే మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీ కూడా అయిపోయింది. కొత్తది వేసి, ఊడదీసిన పెద్ద బ్యాటరీని కూడా తగిలించాను. ఎంతకాలం పడుకుందో ఆ యంత్రానికి తెలీదు. గాఢ నిద్రలోంచి లేచినవాడికీ కిటికీలో ఎండ చూస్తే గానీ తెలియదు.

సారు అక్కడి నుంచి బ్రహ్మసూత్రాలకు వెళ్లారు. మూడో అధ్యాయం రెండో పాదంలో ఒక సందేహం ఉంది. నిద్రలో జీవుడు బ్రహ్మంలో కలిసిపోతే, పొద్దున లేచేది ఆ జీవుడేనని ఏమిటి నమ్మకం? నీళ్లలో కలిసిన చుక్క మళ్లీ అదే చుక్కగా చేతికి వస్తుందా? అతడే లేస్తాడు అంటుంది సూత్రం. శంకరులు చెప్పిన మొదటి కారణం, నిన్న సగంలో వదిలిన పనిని లేచాక పూర్తి చేస్తాడు కాబట్టి.

"ఇది నేను ఒప్పుకోను సార్," అన్నాను. ఇంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మా నాయిన సిరిసిల్ల నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లు ఇక్కడ సాంచెలు నడిపారు. పన్నెండు గంటల షిఫ్టు. రాత్రి ఏడింటికి ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కుతారు. సాంచె ఆగదు. సగం నేసిన గుడ్డను రెండో మనిషి నేస్తాడు. తాను మొత్తం విప్పి చూసినా ఎక్కడ చేయి మారిందో కనపడదు. సగం పని పూర్తయినంత మాత్రాన చేసినవాడు ఒకడే అని ఎట్లా?

సారు చాలాసేపు మాట్లాడలేదు. ఫ్యాన్ చప్పుడొక్కటే. తర్వాత అన్నారు: "అందుకే రెండో కారణం చెప్పిండ్రు. అనుస్మృతి, అంటే యాది. నైట్ షిఫ్టు మనిషి గుడ్డను చూసి, ఇది పొద్దుగాల నేను నేసిన్నని అనడు గదా."

నాకు నాయిన గుర్తొచ్చారు. రెండేళ్లుగా ఆయనకు మనుషులు గుర్తుండటం లేదు. నా పేరు పోయింది, నేను చేసే పని పోయింది, నేను కొడుకునన్న సంగతీ చాలా రోజులు ఉండదు. మొన్న మా అవ్వ నన్ను చూపించి ఎవరు అని అడిగింది. నా మొహంలోకి చూసి, "ఎవలో తెల్వది. మనోడే," అన్నారు. పేరు, వరస, ఏళ్ల లెక్క ఏవీ లేవు. ఆ "మన" మాత్రం ఉంది. ఆ రోజు నుంచి యాది అంటే దాచిపెట్టిన సరుకేనన్న మాట నేను నమ్మడం మానేశాను. సరుకు పోయాక కూడా "నాది" అనే గొంతు మిగలగలదు. ఉద్దాలకుడు మిణుగురు అన్నది దీన్నేనని నేను అనుకుంటున్నాను. ఈ నిప్పు కూడా గడ్డి వేస్తే రాజుకుంటుందా అంటే, అది నాకు తెలియదు. అయినా రోజూ సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని నా పేరు చెబుతూనే ఉన్నాను.

వర్డ్ తెరుచుకుంది. ఆగిపోయిన ఫైలును తిరిగి తెచ్చానని పక్కన చూపించింది. పది నిమిషాలకు ఒకసారి తనంతట తాను దాచుకుంటుంది కాబట్టి దాదాపు అంతా ఉంది. ముప్పై ఒకటో పేజీలో చివరి వాక్యం సగంలో ఆగిపోయింది. కర్త ఉంది, కర్మ ఉంది. "మనసు అన్నమయం అని తెలుసుకున్న శ్వేతకేతు తన తండ్రిని" దగ్గర గీత మినుకుమినుకుమంటోంది. క్రియ లేదు.

సారు కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఏం రాద్దామనుకున్నరు సార్?"

"యాదికొస్తలేదు." మళ్లీ చదివారు. "నేను రాసిందే. కాని ఏమో, యాదికొస్తలేదు."

కుర్చీ ముందుకు లాగి ఇచ్చాను. చార్జింగ్ లైటు నారింజ రంగులో వెలుగుతోంది, బ్యాటరీ నాలుగు శాతం. సారు చూపుడువేలు కీబోర్డు మీద కాసేపు ఆగింది. తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ క్రియ కొట్టడం మొదలుపెట్టారు.