పెరట్లో చోటు

మా మేనత్తది మండపేట దగ్గర ఒక పల్లె. రెండేళ్ళ క్రితం దాకా వాళ్ళ పెరడు వెనక కాలవగట్టు దాకా పోయేది. గడ్డివాము, అరటి బోదెలు, ములగచెట్టు, పెంటపోగు, ఓ మూల కోళ్ళగూడు. అన్నదమ్ముల పంపకాల్లో పెరడు మూడు ముక్కలై మధ్యలో గోడలు లేచాయి. కోళ్ళని మాత్రం ఎవరూ పంచుకోలేదు. 18 పెట్టలూ రెండు పుంజులూ అత్తయ్య వాటాలోనే ఉండిపోయాయి. వాటికి నూకలు వేసేది ఎప్పుడూ ఆవిడే కదా.

మొన్న వేసవిలో వెళ్ళేసరికి ఒక నల్ల పెట్ట గోడవార నక్కి ఉంది. వీపు మీద ఈకల్లేవు. తోక మొదట్లో పచ్చి పుండు. కుక్క పట్టిందేమో అనుకున్నా.

“కుక్క కాదురా, తోటి కోళ్ళే,” అంది అత్తయ్య.

కాస్త రక్తం కనబడితే చాలట, ఒకటి పొడిచిన చోటే ఇంకోటి పొడుస్తుంది. పక్కింటాయన లేయర్ ఫారంలో చాన్నాళ్ళు పనిచేశాడు. ఆయన తేలిగ్గా తేల్చేశాడు: “ముక్కులు కాల్చేయండమ్మా, ఒక్క పూట పని.” అత్తయ్యకి మనసొప్పలేదు. “చదువుకున్నోడివి కదా, నువ్ చెప్పు. అలా చెయ్యొచ్చా?”

కోడి ముక్కు గురించి నా చదువులో ఎక్కడా రాలేదు. ఏదో గొణిగి తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్న నాతోపాటే బస్సెక్కి హైదరాబాద్ వచ్చేసింది.

కోళ్ళు పొడుచుకోవడం సహజమే కదా అంటారు అందరూ. సగం నిజం. నార్వేకి చెందిన షెల్డెరప్-ఎబ్బె అనే ఆయన చిన్నప్పట్నుంచీ కోళ్ళని గమనిస్తూ పెరిగి, 1920ల మొదట్లో దాన్నే శాస్త్రంగా రాశాడు. గుంపులో ఎవరు ఎవర్ని పొడవొచ్చో ఒక వరస ఉంటుందని. మనం ఆఫీసు రాజకీయాల గురించి ఇంగ్లీషులో వాడే ‘పెకింగ్ ఆర్డర్’ అక్కడ పుట్టిందే. ఆ వరస వినడానికి దౌర్జన్యంలా ఉంటుంది గానీ, ఒకసారి కుదిరాక గొడవలు తగ్గుతాయి. పెద్ద పెట్ట ఒక చూపు చూస్తుంది, చిన్నది పక్కకి తప్పుకుంటుంది. అంతే.

ఆ తప్పుకోవడం దగ్గరే నేను ఆగిపోయాను. తప్పుకోవాలంటే పక్కన చోటుండాలి. పాత పెరట్లో నల్ల పెట్ట ఓడిపోయి గడ్డివాము వెనక్కి పోయేది. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే గోడ. అది లొంగిపోయిందన్న సంగతి గెలిచిన కోడికి తెలియాలంటే ఇది దూరంగా పోవాలి, పోలేదు. అందుకని గెలిచింది మళ్ళీ పొడుస్తుంది. కోళ్ళ స్వభావం ఏమీ మారలేదు. ఓడిపోవడానికి వీలు లేకుండా పోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈకలు పీకడాన్ని చాలామంది పరిశోధకులు అసలు కోపంగానే లెక్కేయరు. కోడికి ముక్కే చెయ్యి. పొద్దస్తమానం గీరి, పొడిచి, ఏరుకోవాలి. ఏరుకోవడానికి ఏమీ లేనప్పుడు ఆ ముక్కు పక్కదాని ఈకల మీదికి పోతుంది. పంపకాల్లో పెంటపోగు మరిది వాటాలోకి పోయింది. కోళ్ళకి అదెంత పెద్ద ఆస్తో కాగితాలు రాసినవాళ్ళకి తట్టి ఉండదు.

మరి ముక్కు కాల్చడం? అనపర్తి, బిక్కవోలు వైపు రోడ్డుకి అటూ ఇటూ కనిపించే పొడుగాటి షెడ్లలో అది మామూలు సంగతి. కోడి పిల్లగా ఉండగానే కాలిన బ్లేడుతో ముక్కు కొన తీసేస్తారు. మన గోరు కత్తిరించినట్టు కాదు, ఆ కొనలో నరాలుంటాయి. గుడ్లు పెట్టే కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు ఉండాలని 2023లో కేంద్రం నియమాలు చేసింది. ఒక ఏ4 కాగితం దాదాపు 624. అంటే చట్టప్రకారం అన్నీ సరిగ్గా ఉన్నా కోడికి దక్కేది ఒక కాగితమంత చోటు కూడా కాదు.

ఆ ఫారాలు నడిపేవాళ్ళని రాక్షసులనుకోవడం నాకు సులువుగానే ఉండేది, ఒక్క చిక్కు లేకపోతే. అంత ఇరుకులో ముక్కులు వదిలేస్తే కోళ్ళు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అక్కడ ముక్కు తీసేయడమే దయ. ఇరుకు మనం కల్పించింది, దాని తాలూకు మరమ్మతు కోడి ఒంటి మీద. పైగా ఆ మరమ్మతు పనిచేస్తుంది కూడా. పనిచేస్తోంది కాబట్టే ఇరుకు గురించి ఎవరూ అడగక్కర్లేకుండా పోతోంది. నేనూ అడగలేదు, వారానికి డజను గుడ్లు కొంటూనే ఉన్నాను.

ఇదే గోదావరి జిల్లాల్లో ఇంకో కోడి ఉంది. డేగ, కాకి, నెమలి, పర్ల అని రంగుని బట్టి పేర్లు, బాదం పప్పు, కీమా, చెరువులో ఈత. పందెం పుంజుల్ని ఎవరూ ఇరికించి పెంచరు. కాలికి తాడు కట్టి, దేని చోటు దానికిస్తారు. దాని కోపం విలువైంది, తోటి పుంజు మీద వృథా కాకూడదు. సంక్రాంతికి కత్తి కడతారు. 2016 డిసెంబర్లో హైకోర్టు వద్దంది, ఆ తర్వాతా భీమవరం చుట్టుపక్కల బరులు లేస్తూనే ఉన్నాయి. నేను పందేల్ని సమర్థించను. ఆ కత్తి పుంజు కాలికి పెరిగిన ముల్లు కాదు, మనది. కానీ ప్రతి జనవరిలో సంస్కృతా, క్రూరత్వమా అని ఫోన్లలో కొట్టుకునే మనం పొద్దున్నే ఆమ్లెట్ వేసుకుని కొట్టుకుంటాం. పుంజుది బరిలో కొన్ని నిమిషాలు. గుడ్ల కోడి బోనులో ఏడాదికి పైనే.

అత్తయ్య ముక్కులు కాల్చలేదు. నల్ల పెట్టని విడిగా గంప కింద ఉంచి పుండుకి పసుపు రాసింది. నూకలు ఒకచోట కాకుండా మూడు మూలలా వెయ్యడం మొదలుపెట్టింది. తోటకూర కట్టని తాడుతో వేలాడదీసింది, పొడుచుకోడానికి. గోడకి రెండు పాత తలుపులు చేరేసింది, వెనక్కి దూరడానికి. పొయ్యి బూడిద ఒక గుంటలో పోసింది, దుమ్ము స్నానానికి. పెంటపోగు మీదికి కోళ్ళని వదలనిమ్మని మరిదిని అడిగితే ఆయన ఒప్పుకోలేదు.

ఇవన్నీ చేసినా 20 కోళ్ళకి ఆ చోటు చాలదు. ఆ మాట ఆవిడే అంది. ఏడు పెట్టల్నీ ఒక పుంజునీ తీసేసింది. కొన్ని అమ్మింది, కొన్ని కూర అయ్యాయి. నేను మళ్ళీ వెళ్ళినప్పుడు నాకూ పెట్టింది, తిన్నాను. ముక్కు కాల్చడం కంటే ఇది మంచి పనేనా అని అడుగుదామనుకున్నా. ఆవిడ ఆ ప్రశ్నతో ఎంత గింజుకుందో మొహంలోనే కనబడుతుంటే అడగలేకపోయాను. మిగిలినవాటికి పూర్తి ముక్కులతో బతికే చోటు, ఆ ఎనిమిది ఇచ్చినదే. కోళ్ళని అడిగి చేసిన పని కాదది.

పుండు మానాక నల్ల పెట్టని ఒక రాత్రి చీకట్లో చప్పుడు కాకుండా గూట్లోకి ఎక్కించింది. ఇప్పటికీ అన్నిటికన్నా ఆఖరు అదే. పెద్ద పెట్ట చూడగానే తలుపు వెనక్కి పోతుంది. కాసేపాగి తనే బయటికొస్తుంది.

పోయిన వారం ఫోన్ చేస్తే, ఎర్ర పెట్ట పిల్లల్ని దింపిందని చెప్పింది. తొమ్మిది. చాలా సంతోషంగా చెప్పింది. నేను పన్నెండుకి తొమ్మిది కలిపి చూసుకుని, ఆ లెక్క పైకి అనకుండా, పిల్లలేం రంగు అని అడిగాను.