అడిగిన వానలో తడవడం

ధ్యాన భాగం: 1 రాజులు 18:41–46

ఆస్పరి చుట్టుపక్కల పల్లెల్లో, మే నెల చివర సైకిలు తొక్కేవాడికి పొద్దున ఒక కాలం, సాయంత్రం ఇంకో కాలం. తెల్లారకముందే ఆస్పరి దాకా తొక్కి, సైకిలుకు తాళం వేసి, ఆదోనికి రైలో బస్సో ఎక్కే కూలీకి పోయేటప్పుడు చెమట తప్ప వేరే బాధ లేదు. తిరిగొచ్చేటప్పటి సంగతి వేరు. నలభై డిగ్రీలు దాటి కాగిన నేల మీద మోడం కొండలా లేస్తుంది. దాని లోపల వాన చినుకులతో చల్లబడిన గాలి బరువెక్కి దభాలున కిందికి దిగి, నేలకు తగిలి నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. అందుకే మన దగ్గర వానకంటే ముందు దుమ్ము వస్తుంది. అంతవరకూ వడగాలి కొట్టిన ముఖానికి ఒక్కసారిగా చల్లగాలి తగిలిందంటే సంతోషించేంత వ్యవధి ఉండదు. తువ్వాలు తలకు చుట్టుకునేలోపే హ్యాండిలు పక్కకు లాగేస్తుంది.

అది తారురోడ్డు మీద. నల్లరేగడి బాటలోకి దిగాక అసలు పని మొదలవుతుంది. మొదటి జల్లుకు నానిన మట్టి టైరుకు పట్టుకుని, నాలుగు చుట్లు తిరిగేసరికి మడ్‌గార్డులో బిగుసుకుంటుంది. దిగి పుల్లతో గీకాలి, పది గజాలు తోయాలి, మళ్లీ గీకాలి. చివరికి సైకిలును భుజానికెత్తుకోక తప్పదు. మనల్ని మోయాల్సింది మనచేత మోయించుకుంటుంది.

ఈ బురద తెలిసినవాళ్లకు ప్రవక్త ఏలీయా కథలో ఒక మాట ఇట్టే అర్థమవుతుంది. కర్మెలు కొండ మీద ఆయన వాన కోసం ప్రార్థిస్తుంటే, సేవకుడు ఏడోసారి వెళ్లి చూసినప్పుడు సముద్రం వైపు చిన్న మబ్బు కనబడింది. ప్రసంగాల్లో మనం చాలాసార్లు ఆ మబ్బు దగ్గరే ఆగిపోతాం. ఏలీయా ఆగలేదు. వాన అడ్డుపడకముందే రథం కట్టించుకుని దిగిపొమ్మని అహాబు రాజుకు కబురు పంపాడు. యెజ్రెయేలు లోయలోనూ మన రేగడి లాంటి బంకమట్టే. అక్కడి కీషోను వాగు దగ్గరే పూర్వం సేనాపతి సీసెరా తొమ్మిది వందల ఇనుప రథాలతో ఓడిపోయాడు. వానపడితే ఆ నేలలో చక్రం ఏమవుతుందో ఏలీయాకు తెలుసు. తనను వెతికించి పట్టుకోవాలని చూసిన రాజుకే ఆ జాగ్రత్త చెప్పాడు. ఆ చిన్న దయ గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

తర్వాత తాను నడుము బిగించి, రథానికి ముందుగా యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు. సుమారు పాతిక కిలోమీటర్లు. మనకు ఆస్పరి నుంచి ఆదోని ఎంతో, కొంచెం అటూ ఇటూగా అంత. ఆయనకు రథం లేదు, గొడుగు లేదు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఎవరు అడిగారో, వానలో అందరికంటే ముందు ఆయనే ఉన్నాడు. ఆయన మనలాంటి మనిషేనని యాకోబు తన పత్రిక అయిదో అధ్యాయంలో గుర్తుచేస్తాడు.

మనమూ ఆదివారం వాన కోసం మోకరిస్తాం. సోమవారం సాయంత్రం దారిలో అది పట్టుకుంటే విసుక్కుంటాం. ఇంకో గంట ఆగకూడదా అంటాం. పత్తి విత్తనాలు కొనిపెట్టుకున్న రైతు అదే వానకు చేతులెత్తి దండం పెడుతున్నాడు. పక్క చేలో టమోటా కోతకొచ్చిన రైతు తల పట్టుకున్నాడు. ముగ్గురూ ఒకే గుడిలో, ఒకే చాప మీద కూర్చున్నవాళ్లు కావచ్చు. దేవుడు ఎవరి ప్రార్థన విన్నట్టు? దీనికి తేలిక జవాబు చెప్పేవాళ్లను నేను అంతగా నమ్మను. ఏలీయా సంగతే చూడండి: వాన కురిసి, ఊరు చేరాక ఆయనకు దొరికింది పూలదండ కాదు, చంపుతానన్న అహాబు భార్య యెజెబెలు కబురు. అడిగింది దొరికినా దారి సుఖమవుతుందన్న హామీ ఆ కథలో ఎక్కడా లేదు.

ఒక్క సంగతి మాత్రం తప్పకుండా చెప్పాలి. ఆకాశాన్ని చూసి జాగ్రత్తపడడం అవిశ్వాసం కాదు. ప్రార్థిస్తూనే ఏలీయా సేవకుణ్ని ఏడుసార్లు చూసి రమ్మన్నాడు. మన దగ్గర గాలిమరల ముఖాలు ఎటు తిరిగాయో చూస్తే గాలి ఎటునుంచి వస్తోందో తెలిసిపోతుంది. ఉరుము వినబడితే సైకిలు దిగి, దగ్గర్లో ఉన్న పక్కా ఇంట్లోకి వెళ్లండి. చదునైన చేల మధ్య ఒంటరి వేపచెట్టు నీడ ఎండలో వరమే గానీ, పిడుగు వెతికేది ముందుగా దాన్నే. దేవుడి మీద భారం వేశానంటూ దాని కింద నిలబడకండి.

ప్రార్థన: ప్రభువా, ఈ ఏడు విత్తనం మొలిచేంత వాన ఇవ్వు. కోతకొచ్చిన తోటలను తలచుకో. ఈ సాయంత్రం పని దిగి సైకిళ్ల మీద వచ్చేవాళ్లను పిడుగు నుంచీ, దుమ్ములో కనబడని లారీల నుంచీ కాపాడు. మేము అడిగినది మా దారిలోనే కురిస్తే, గొణగకుండా సైకిలు తోసుకుంటూ ఇల్లు చేరే ఓపిక ఇవ్వు. దారిలో చక్రం గీకుతూ నిలబడ్డవాడు మాకు గిట్టనివాడైనా, దిగి ఒక చెయ్యి వేసే మనసు కూడా ఇవ్వు. ఆమేన్.