పిల్లల నడక చొప్పున

ధ్యానమునకు వాక్యభాగములు: ఆదికాండము 33:12–17; అపొస్తలుల కార్యములు 8:26–39



ఇరువది సంవత్సరముల యెడబాటు తరువాత ఏశావును యాకోబును ఒకరినొకరు కౌగలించుకొని యేడ్చిరి. ఏశావు వెంట నాలుగు వందలమంది మనుష్యులుండిరి. కలిసి ప్రయాణము చేయుదము రమ్మని అతడు తమ్ముని పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. తన పిల్లలు పసివారనియు, పాలిచ్చు పశువులు తన వెంట నున్నవనియు, ఒక్క దినము తరిమి తోలినను మంద నిలువదనియు చెప్పి, పిల్లలు ఎంత నడువగలరో తానును అంతే నడిచెదనని అన్నకు మనవి చేసికొనెను. తరువాత అతడు శేయీరుకు పోక సుక్కోతుకు వెళ్లెను గనుక, ఆ మాటలో అన్నయెడల భయము కూడ కొంత కలిసియుండవచ్చును. అయినను ఆ మాట సత్యమే. నాలుగు వందలమంది నడకను పసిపిల్లలు నడువలేరు. పెద్దవారే పిల్లల నడకకు తగ్గవలెను.

ఈ వాక్యమును మేము అనేకసార్లు బోధించితిమి గాని, దానిని నిజముగా నేర్చుకొన్నది ఒక మామిడితోటలోనే. అది మా తప్పువలన నేర్చిన పాఠము గనుక దాచక చెప్పెదము.

మా సంఘపు ఆదివారపు బడిలో ఐదవ తరగతి చదువు బాలుడొకడుండెను. వార్షికోత్సవమునాడు వాడు బైబిలు తెరచి, ఇరువది మూడవ కీర్తనను ఎక్కడను తడబడక చదివెను. సంఘమంతయు సంతోషించెను. మేము దగ్గరకు పోయి చూడగా, వాని చేతిలో తెరచియున్నది కీర్తనల గ్రంథము కాదు, రాజుల గ్రంథము. కంఠస్థము చేసినదానినే చదువుచున్నట్టు అప్పగించెను. మేము ఆ సంగతి తరువాత ఏకాంతముగా అడుగవలసినది. అట్లు చేయక, అందరియెదుట పుట త్రిప్పి, "ఇది చదువు" అంటిమి. వాడు నోరు మెదపలేదు. తోటి పిల్లలు నవ్విరి. "ఐదేండ్లు బడికి పోయి నేర్చినది ఇదేనా?" అని మేమును ఒక మాట అంటిమి. మరుసటి ఆదివారము వాడు రాలేదు. ఆ తరువాతి ఆదివారమును రాలేదు.

వేసవి వచ్చెను. వాని తలిదండ్రులు ఆగిరిపల్లి వైపు ఒక తోటలో కాపలాకు కుదిరి, పాక వేసికొని అక్కడనే యుండిరి. మేము వెదకికొని పోయితిమి. బాలుడు మమ్మును చూచి చెట్టుచాటునకు తప్పుకొనెను. తల్లి మాకు మంచము వాల్చి, "వాడికి చదువు రాదండి అయ్యగారూ, మట్టిబుర్ర. తోటపనికే పనికొస్తాడు" అనెను. వాడు ఆ మాట వినుచునే యుండెను.

కొంతసేపటికి వాడు దగ్గరకు రాగా, మేము మాట కలుపుటకై ఒక ఆకు త్రుంచి, ఇది యే చెట్టని అడిగితిమి. వాడు ఆకు నలిపి వాసన చూచి, "చిన్నరసం అయ్యగారూ" అనెను. మరియొకటి ఇయ్యగా, "కలెక్టర్ కాయ" అనెను. కన్నులు మూయించి ఇచ్చినను తప్పలేదు. మాకు మాత్రము ఆకులన్నియు ఒక్క వాసనగానే తోచెను. వానికి తెలిసిన భేదము మాకు తెలియలేదు. అందుకు వాడు మమ్మును చూచి నవ్వలేదు. అప్పుడు మా మనస్సాక్షి మమ్మును గద్దించెను. తల్లి యెదుటనే వానిని క్షమింపుమని అడిగితిమి. వాడు చాలసేపు నేల చూచి, "అక్షరాలు కలిసిపోతాయి అయ్యగారూ" అనెను. ఐదు సంవత్సరములలో ఈ మాట వానిని ఎవరును అడిగియుండలేదు.

ప్రియులారా, మన నూజివీడు ప్రాంతమువారికి కార్బైడు సంగతి చెప్పనక్కరలేదు. ప్రభుత్వము దానిని నిషేధించియున్నది. దానితో మాగబెట్టిన కాయ పైకి పచ్చగా నిగనిగలాడును; కోసి చూచిన లోపల పులుపు. మనము పిల్లలయెడల అట్లే చేయుచున్నాము. వచనము ఒప్పగించిన చాలును, వార్షికోత్సవము బాగుగా జరిగిన చాలును అనుకొందుము. కంఠస్థము మంచిదే, వాక్యము హృదయములో నుంచుకొనవలసినదే. అయితే చదువురాని లోటును దానితో కప్పిపుచ్చినయెడల, రేపు బస్సు పలక యెదుట, మందుసీసా యెదుట, సంతకము పెట్టవలసిన కాగితము యెదుట ఆ బిడ్డ ఒంటరిగా నిలువవలసి వచ్చును.

ఇది ఒక్క బాలుని సంగతి కాదు. 2005లో ఆరంభమైన అసర్ అను పరిశీలనవారు మన దేశపు పల్లెలలో ఇంటింటికి పోయి పిల్లలచేత చదివించి చూచుదురు. 2024లో వారు చూచినప్పుడు, ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు సగముకంటె కొంచెము తక్కువే. అట్లు వెనుకబడుటకు కారణములు అనేకము. కొందరికి చూపు మందము, కొందరికి వినికిడి మందము. కొందరు పనులకొరకు వలసపోవు తలిదండ్రుల వెంట తిరిగి బడి పోగొట్టుకొందురు. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు మొదటి అక్షరములే తప్పిపోయినవారు కొందరు. మరికొందరికి కన్నులు, చెవులు, తెలివి అన్నియు బాగుగనే యున్నను, అక్షరమును ధ్వనిని జతచేయుట మాత్రము బహు కష్టము. 1896లో ఇంగ్లాండునందు ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు అట్టి పదునాలుగేండ్ల బాలుని గురించి వ్రాసెను. ఆ బాలుడు చురుకైనవాడు, లెక్కలు చేయువాడు. చదువుట మాత్రము రాదు. దీనిని నేడు డిస్లెక్సియా అందురు. మన దేశములో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి అభ్యసన వైకల్యమును కూడ గుర్తించినది. అది సోమరితనము కాదు, తలిదండ్రుల పాపఫలమును కాదు. కొట్టినందున పోవునది అసలే కాదు. బడిలో పిల్లలను కొట్టుటయు, అవమానపరచుటయు 2010 ఏప్రిల్ నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము నిషేధించియున్నది. చట్టము మాన్పించినదానిని సంఘము చేయవచ్చునా?

మన తాతల సంగతి జ్ఞాపకము చేసికొనుడి. అక్షరము మీకు తగదని ఊరు వారిని దూరముగా నిలిపిన దినములుండెను. పగలంతయు పొలములో వంగి పనిచేసి, రాత్రి లాంతరు వెలుగులో ఉపదేశిగారి యొద్ద ఇసుకలో వ్రేలుపెట్టి వారు అ ఆ లు దిద్దిరి. తడబడుచు చదువు ముసలివారిని చూచి ఆ దినములలో ఎవరును నవ్వలేదు. ఒక్క వచనము చదువగలిగిన దినమున పల్లెయంతయు పండుగ చేసికొనెను. అట్టివారి మునిమనుమలు నేడు మన మందిరములలోనే, అక్షరము రాలేదను సిగ్గుతో వెనుక బల్లలకు జరుగుచున్నారు. దీనికి మనము దేవుని యెదుట లెక్క అప్పగింపవలసియున్నది.

ఇప్పుడు ఫిలిప్పును చూడుడి. గాజాకు పోవు అరణ్యమార్గమున ఐతియొపీయుల రాణియైన కందాకే ధనాగారమును చూచు గొప్ప అధికారి రథములో కూర్చుండి యెషయా గ్రంథము చదువుచుండెను. అక్షరములు వచ్చెను గాని అర్థము కాలేదు. ఫిలిప్పు పరుగెత్తి దగ్గరకు పోయెను. మొదట విన్నాడు. తరువాత అడిగెను. ఆ అధికారి సిగ్గుపడక, త్రోవ చూపువాడు లేనిదే నాకెట్లు తెలియునని ఒప్పుకొని, రథమెక్కి తనయొద్ద కూర్చుండుమని వేడుకొనెను. ఫిలిప్పు ఎక్కి ప్రక్కన కూర్చుండెను. ఎదుట నిలిచి పరీక్షించలేదు. బోధించునప్పుడు తనకు ఇష్టమైన భాగమునుండి కాక, ఆ మనుష్యుడు ఏ లేఖనము చదువుచుండెనో అక్కడనే మొదలుపెట్టెను. చదువురాని బిడ్డకు సహాయము చేయగోరువారికి ఇంతకంటె మంచి మాదిరి మాకు కనబడలేదు. దగ్గరకు పోవలెను, వినవలెను, ప్రక్కన కూర్చుండవలెను, బిడ్డ యెక్కడ నున్నాడో అక్కడనే మొదలుపెట్టవలెను.

కాబట్టి ఈ నెలలో ప్రతి సంఘమును చేయదగిన కార్యములు కొన్ని చెప్పుచున్నాము.

మొదటిది, తెలిసికొనుడి. ప్రతి బిడ్డను ఏకాంతముగా పిలిచి, కొన్ని అక్షరములు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యములు చదివించి చూడుడి. ఎక్కడ ఆగునో గురుతుంచుకొనుడి. వాని తరగతి సంఖ్యను కాదు, ఆగిన చోటును చూడుడి.

రెండవది, చూపును వినికిడిని ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుడి. ఎంత నేర్పినను అక్షరములు కలిసిపోవు బిడ్డ యుంటే, బడి ఉపాధ్యాయులతో మాటలాడి, ప్రత్యేక అవసరములుగల పిల్లలకొరకైన భవిత కేంద్రమునుగూర్చి విచారించుడి.

మూడవది, కొంచెము కొంచెముగా నేర్పుడి. మన లిపిలో ఒక అక్షరము నేర్చిన సరిపోదు. దాని గుణింతమును, ఒత్తును నేర్వవలెను. మ, య లు కలిసిపోవును. ప, వ, ష లు కలిసిపోవును. కలిసిపోవువాటిని ఒక్క దినముననే నేర్పకుడి. బిడ్డ యెరిగిన మాటలతో మొదలుపెట్టుడి. మేము "రసం" అను మాటతో ర, స, సున్న నేర్పితిమి. తరువాత "కాయ", ఆ తరువాత "తోట", "మామిడి". "బంగినపల్లి"లో ఒత్తు ఉన్నది గనుక దానిని చివరకు ఉంచితిమి. ఇసుకలో వ్రాయించుడి, నోట పలికించుడి. దినమునకు పావుగంట చాలును. అయితే ఏ దినమును మానకూడదు.

నాలుగవది, పిల్లలచేత పిల్లలకు నేర్పించుడి. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర పాఠశాలకు వచ్చిన ఆండ్రూ బెల్ అను పాదిరి, మన దేశపు వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, పెద్ద పిల్లలచేత చిన్నవారికి నేర్పించు పద్ధతిని ఆరంభించెను. అది మద్రాసు పద్ధతియను పేర ఇంగ్లాండు వరకు పోయెను. మన యింటి విత్తనమే. మనము మరల నాటుకొనరాదా?

ఐదవది తల్లులకు. మాకే చదువు రాదు, మేమేమి చేయుదుమని అనకుడి. సాయంకాలము పొయ్యి దగ్గర బిడ్డను కూర్చుండబెట్టి చదువుమని వినుడి. తప్పో ఒప్పో మీకు తెలియకపోవచ్చును. మీరు వినుచున్నారని బిడ్డకు తెలియును. "మట్టిబుర్ర" అను మాట మాత్రము ఇంట పలుకకుడి. తిమోతి విశ్వాసము మొదట అతని అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను ఉండెనని పౌలు వ్రాయుచున్నాడు గదా.

ఇక ఆదివారపు బడిలో వరుసగా అందరిచేత చదివించుట మేము మానితిమి. చదువగోరువారే చెయ్యెత్తుదురు.

ఆ బాలుని సంగతి ఏమైనదని మీరు అడుగవచ్చును. తోట కాపు అయిపోయిన తరువాత వాడు మరల మందిరమునకు వచ్చెను. తొమ్మిదవ తరగతి చదువు ఒక అమ్మాయి ప్రతి సాయంకాలము వాని ప్రక్కన కూర్చుండెను. ఏడు నెలలు పట్టినది. క్రిస్మసు ముందటి ఆదివారము వాడు తానే చెయ్యెత్తి, లూకా సువార్త రెండవ అధ్యాయములో ఒక్క వచనమును, పంక్తి క్రింద వ్రేలుంచి, రెండుసార్లు ఆగి చదివెను. ఎవరును నవ్వలేదు. తల్లి కొంగు కన్నుల కద్దుకొనెను. వాడు నేటికిని నెమ్మదిగానే చదువును. అయితే చదువుచున్నాడు.

బేత్సయిదాలో మన ప్రభువు ఒక గ్రుడ్డివానిమీద చేతులుంచగా, మొదట వానికి మనుష్యులు నడుచు చెట్లవలె కనబడిరి. ఆయన విసుగుకొనలేదు, రెండవమారు ముట్టెను. ఒక్కమారుకు స్పష్టము కాని బిడ్డలు మన యిండ్లలో నున్నారు. మనము రెండవమారు, పదియవమారు చేయి వేయుదుమా?

ప్రార్థన: పసిపిల్లలను ఎత్తి కౌగలించుకొన్న ప్రభువా, మేము తొందరపడి గాయపరచిన బిడ్డలను నీవు బాగుచేయుము. వారి ప్రక్కన కూర్చుండు ఓర్పును మాకు దయచేయుము. వారి నడక చొప్పున మమ్మును నడిపించుము. ఆమేన్.