తీరిక యెవరి సొత్తు?

తీరికను నిందించుట మన నీతిబోధకులకు పరిపాటి. విశ్రాంతిని, సోమరితనమును ఒక్క త్రాటనే కట్టి రెండింటిని దోషములుగ నెంచుదురు. నాకును చిరకాలము అట్టి యభిప్రాయమే యుండెను. ఇటీవల నొక చిత్రము దానిని కదలించినది.

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ 1881లో ముగించిన ‘పడవ విహారుల విందు’ అను చిత్రపు ప్రతిని మా సిద్దిపేట బడిలో పిల్లలకు జూపితిని. మూలచిత్రము 1923 నుండి అమెరికాలోని ఫిలిప్స్ చిత్రశాలయం దున్నది. సేన్ నది యొడ్డున షాటూ గ్రామమందలి భోజనశాల. చారల పందిరి క్రింద, విందు ముగిసిన పిదప, మిత్రులు మాటలలో మునిగియున్నారు. బల్లపై ద్రాక్షపండ్లు, సీసాలు. కుట్టుపనితో జీవించు నొక యువతి కుక్కపిల్లను లాలించుచున్నది. తరువాత రెన్వారును వివాహమాడిన దామెయే. పడవలను బాడుగ కిచ్చు యజమాని కొడుకును, అతని సోదరియు నతిథులతో సమానముగనే నిలిచియున్నారు. రెన్వార్ దర్జీ కొడుకు. చిన్నతనమున పింగాణి పాత్రలపై రంగులు వేసి పొట్టపోసికొన్నవాడు. అందుచేతనే కాబోలు, శ్రమించువారికిని తీరికలో పాలు పంచినాడు.

ఇట్లు నేను మెచ్చుకొనుచుండగా నొక బాలిక, “పంతులుగారూ, వండినవాళ్లెక్కడ?” అని యడిగినది. నాకు సమాధానము తోచలేదు.

ఆ సాయంకాలము ఇంట వేపచెట్టు నీడను మంచముపై చదువుకొనుచు, లోపల గిన్నెల చప్పుడు వింటిని. ఏటేట వేసవి సెలవులు నాకు విశ్రాంతి. బంధువులు చేరుటచే నా యిల్లాలికి పని రెండింతలు. స్త్రీవిద్యను గూర్చి యుపన్యసించిన నాకు ఇరువది యేండ్లుగా ఈ లెక్క తట్టలేదు. మా యూరి చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) పల్లెజనుల శ్రమను, పండుగలను చిత్రములకు వస్తువు చేసెను. బతుకమ్మ పండుగ తొమ్మిది దినములే. తక్కిన దినములలో ఆ స్త్రీల తీరిక యెక్కడ?

పని యెవరైన చేయవలసినదే గదా యందురు. నిజమే. కాని తప్పని పనిని వంతులుగ పంచుకొన్నచో తీరికయు వంతులుగ లభించును. అట్టి తీరిక ధర్మము. ఒకరి చెమటపై వేరొకరు కూర్చుండి యనుభవించునది, చేత పుస్తకమున్నను, సోమరితనమే.

మొన్న అంట్లు నేను తోమితిని. ఆమె మొదట నవ్వినది. పిదప కోమటిచెరువు కట్టకు పోయి, చల్లగాలి ననుభవించి వచ్చినది. ఆ బాలిక కీయవలసిన సమాధానము నాకింకను సగమే దొరికినది.