బుర్ర ఉంది, తొందర లేదు

అమ్మాయ్,

మనవడి సంగతంతా వివరంగా రాశావు. "వాడికి బుర్ర ఉంది మావయ్యా, ఒళ్లే వంచడు" అన్నావు. లెక్క చూడగానే జవాబు నోటితో చెప్పేస్తాడట, రాయమంటే అరగంట పెన్సిలు చెక్కుతాడట. ఒమాన్‌లో ఆ ఖబూరాలోనే ఉంటే నిమ్మకు నీరెత్తినట్టు ఇలాగే ఉండిపోతాడేమోనని మీ భయం. ఆరో తరగతికి ఎంట్రన్స్ రాయించి ఇక్కడ మంచి హాస్టల్ బడిలో వేస్తే దారిలో పడతాడని అల్లుడుగారి ఆలోచన. నన్నడిగావు కాబట్టి చెబుతున్నాను. పరీక్ష వాడు గట్టెక్కేస్తాడు, దాని గురించి నాకు బెంగ లేదు. గట్టెక్కాక ఆ బడిలో వాడి రోజు ఎలా గడుస్తుందన్నదే నా బెంగంతా.

మన దగ్గర పిల్లల్ని ఏరి తీసుకునే బడులు ఎందుకు పుట్టాయో ఒక్కసారి గుర్తు చేసుకో. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు. మరుసటి ఏడు తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. ఊళ్లో సరైన బడి లేక, ఇంట్లో అక్షరం చెప్పేవాళ్లు లేక మరుగున పడిపోయే తెలివైన పిల్లల్ని వెతికి పట్టుకుని, వాళ్లకి మూడు పూటలా తిండి, పుస్తకాలు, మంచి మాస్టార్లు సమకూర్చడం వాటి పని. 1986 తర్వాత వచ్చిన నవోదయ విద్యాలయాలదీ అదే దారి. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. అన్నట్టు, నవోదయ ఫారం కోసం అల్లుడుగారు వెతుకుతున్నారన్నావు. ఐదో తరగతి ఆ బడి ఉన్న జిల్లాలోనే చదువుతూ ఉండాలమ్మా, మీకు కుదరదు. ఆ శ్రమ మానుకోమను.

ఆ పిల్లలకి ఏది కరువో అదే ఆ బడి ఇచ్చింది, అందుకే అల్లుకుపోయారు. మీవాడికి ఏం కరువైంది? తిండికి లోటు లేదు, పుస్తకాలకి లోటు లేదు, పక్కన కూర్చుని చెప్పడానికి నువ్వున్నావు. కరువేమిటో తేల్చుకోకుండా బడి ఎంచితే ఎలా?

నీ ఉత్తరంలోనే నాకు ఒక ముక్క దొరికింది. శుక్రవారం వస్తే చాలు, సముద్రం ఒడ్డున జాలర్ల పడవల దగ్గరికి పోయి, ఎవరో ఇంజను విప్పి బాగు చేస్తుంటే రెండు గంటలు కదలకుండా చూస్తాడని విసుక్కుంటూ రాశావు. రెండు గంటలు కదలకుండా చూసేవాణ్ని బద్ధకస్తుడు అనకూడదమ్మాయ్. తనకు వచ్చేసిన లెక్కనే మళ్లీ ఇరవైసార్లు చేయమంటే వాడికి చేయి కదలడం లేదు. అలాంటివాడికి కాస్త గట్టి లెక్క ఇవ్వాలి. గట్టి లెక్క ఇచ్చినా తప్పించుకుని పోతుంటే అప్పుడు అది వేరే జబ్బు, దానికి వేరే మందు. ఈ రెండిట్లో ఏదో మీ ఇద్దరూ ఇంకా చూసుకోలేదు.

సైనిక్ స్కూల్ మాట ఎత్తారు. మన విజయనగరం పక్కన కోరుకొండ ఉండగా నేను కాదంటానా? 1962 నుంచి ఉంది, రాజావారిచ్చిన ప్యాలెస్‌లో మొదలైంది. ఆరో తరగతికి 125 ప్రశ్నలు, 300 మార్కులు. అందులో 50 లెక్కలకే 150 మార్కులు. మీవాడికి అది పెద్ద గండం కాదు. కానీ ఆ బడులు పెట్టింది నేషనల్ డిఫెన్స్ అకాడమీకి కుర్రాళ్లని తయారు చేయడానికి. తెల్లవారకముందే ఈల, పీటీ, పక్క సర్దడం, బూట్ల మెరుగు, గంట కొడితే పరుగు. అందులో సంతోషపడే పిల్లలు ఉంటారు, వాళ్లకది స్వర్గం. మీవాడు పొద్దున్న లేచి పాల గ్లాసు ముందు ఎంతసేపు కూర్చుంటాడో నీకే తెలుసు. క్రమశిక్షణ వస్తుందని అక్కడికి పంపుతామంటారు చాలామంది. యూనిఫారం మీద మోజున్న పిల్లాడికి వస్తుంది. మోజు లేనివాడు ఈలకి లేవడం నేర్చుకుంటాడు, సెలవులకి ఇంటికొస్తే పదింటిదాకా పడుకుంటాడు.

మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ దీనికి పూర్తిగా అటువైపు. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో నడిచేది కాబట్టి ర్యాంకుల పోటీ పెట్టరు. సాయంత్రం పిల్లలంతా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. మనవాడికి సరిగ్గా సరిపోయే బడి అనిపిస్తుంది కదూ? నాకూ అనిపించింది. కాకపోతే అక్కడా సీట్లు కొద్ది, పరీక్ష, మాటామంతీ ఉంటాయి, ఫీజు గట్టిదే. పదేళ్ల పిల్లాడు మీకు సముద్రం అవతల ఉండాలి. పైగా సూర్యాస్తమయం చూడడం వాడికి ఒకరు నేర్పక్కర్లేదు.

ఇక ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు పెట్టే బడులు. పేర్లెందుకు, ఏ ఊరి సెంటర్లో చూసినా కనిపిస్తాయి. వారం వారం పరీక్ష పెట్టి, మార్కులనుబట్టి పిల్లల్ని సెక్షన్లు మార్చే చోటికి మాత్రం మీవాణ్ని పంపొద్దు. ఇది సలహా కాదు, మేనమామగా నా హక్కు. నిదానస్తుడికి మొదటి నెలలోనే కింది సెక్షన్ రాసిపెట్టి ఉంటుంది. ఇప్పుడు తరగతిలో అందరికంటే ముందు జవాబు చెప్పే పిల్లాడు అక్కడ "నాకు రాదు" అనుకోవడం మొదలెడతాడు. హెర్బర్ట్ మార్ష్ అని ఆస్ట్రేలియాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలోనే దీన్ని పట్టుకున్నాడు: అంతే తెలివి ఉన్న పిల్లలు, అందరూ మెరికలే ఉన్న బడిలో పడితే తమను తాము తక్కువగా లెక్కేసుకుంటారని. న్యూయార్క్, బోస్టన్‌లలో పరీక్ష పెట్టి చేర్చుకునే పేరుమోసిన ప్రభుత్వ బడుల మీద ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన 2014లో వచ్చింది. కటాఫ్ అంచున సీటు దొరికినవాళ్లని, అంచున జారిపోయినవాళ్లని పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాతి పరీక్షల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సీటు కోసం ఇళ్లమ్ముకునే మన జనానికి ఇది మింగుడుపడదనుకో.

అల్లుడుగారి అసలు భయం నాకు తెలుసు: గల్ఫ్‌లో చదివితే ఇక్కడ డాక్టరు, ఇంజనీరు సీట్లకి నాన్‌లోకల్ అయిపోతాడేమోనని. అది ఉత్త భయం కాదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వస్తున్న లెక్క ప్రకారం ముఖ్యంగా చూసేది, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు పిల్లాడు ఎక్కడ చదివాడని. అంటే తొమ్మిది నుంచి పన్నెండు. ఆరు, ఏడు, ఎనిమిది ఎక్కడ చదివినా ఆ నాలుగేళ్ల లెక్కలోకి రావు. కాబట్టి తొందరపడాల్సిన గడువు ఇంకా మూడేళ్లుంది. సైనిక్ స్కూల్‌కి తొమ్మిదిలోనూ ప్రవేశ పరీక్ష ఉంది, ఖాళీలు తక్కువే అయినా. అప్పటికి వాడికి పదమూడు, పద్నాలుగేళ్లు, "నేను పోతాను" అనో "పోను" అనో వాడి నోటితోనే చెప్పగలడు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చదువుకోండి. అక్కడే ఉంచేద్దామనుకున్నా దారి మూసుకుపోదు. జేఈఈ మెయిన్, నీట్ రెండిటికీ మస్కట్‌లో కేంద్రం ఉంటోంది.

ఈ మూడేళ్లు సహమ్ ఇండియన్ స్కూల్ వ్యానెక్కనీ. లెక్కల టీచర్ని కలిసి, వీడికి హోంవర్కులో సగం తగ్గించి, తగ్గించిన చోట పై తరగతివి రెండు ఇవ్వమని అడుగు. ఒప్పుకోకపోతే ఆ రెండూ నువ్వే ఇంట్లో ఇవ్వు. అడుగు అడుగూ రాయించు, అక్కడ మాత్రం గారాబం చేయకు. బుర్రలో చేసే లెక్క తొమ్మిదో తరగతి దాకే పనిచేస్తుంది. పై తరగతుల్లో అక్కడ ఏ గ్రూపులున్నాయో, లేకపోతే సోహార్‌కి మారడం ఎలాగో ఈలోగా కనుక్కుని పెట్టుకోండి.

ఒక శుక్రవారం సైనిక్ స్కూల్ పాత ప్రశ్నపత్రం వాడి ముందు పెట్టు. మార్కులు లెక్కేయకు. రాని ప్రశ్న దగ్గర ఏం చేస్తాడో చూడు: వదిలేసి కిటికీలోంచి చూస్తాడా, పెదవి కొరుక్కుంటూ అక్కడే కూర్చుంటాడా? అది నాకు ఫోన్‌లో చెప్పు.

ఇంకొకటి. చలికాలం వచ్చేసరికి ఇక్కడి బడుల పీఆర్వోలు మీకు ఫోన్ చేయడం మొదలెడతారు, ముందు కడితే రాయితీ అని, సీట్లు అయిపోతున్నాయని. గల్ఫ్ నంబర్లంటే వాళ్లకి మహా ప్రేమ. అల్లుడుగారు మొహమాటస్తుడు. మాట్లాడితే మాట్లాడనీ, డబ్బు మాత్రం పంపనివ్వకు.

మీ మావయ్య