పొద్దు గుంకక ముందే



మొన్న ఆదివారం రెండవ పూజ ముగిసిన తరువాత, సత్యోపదేశ తరగతిలో ఉండవలసిన పిల్లవాడొకడు గుడి వెనుక ఖాళీ స్థలంలో బంతి తన్నుతూ నా కంటబడ్డాడు. ఒంటిమీద వెలిసిపోయిన పసుపుపచ్చ చొక్కా. కోప్పడదామని దగ్గరకు వెళ్ళి, ఆ చొక్కా ఏ జట్టుదని అడిగాను.

"హైదరాబాద్ టీముది ఫాదర్ గారూ, మా బావ తెచ్చాడు. ఇప్పుడా టీము లేదండి. ఢిల్లీ వెళ్ళిపోయింది."

"ఎందుకు వెళ్ళిపోయింది?"

"డబ్బుల్లేవంటండి. ప్లేయర్లకి జీతాలివ్వలేదంట. కప్పు గెలిచినోళ్ళకి జీతాలెందుకివ్వలేదండి?"

తరగతికి ఆలస్యమవుతోందని వాణ్ణి లోపలికి పంపించాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నా దగ్గర జవాబు లేక పంపించాను. ఈ వారం ఈ పుటలో వాడి ప్రశ్ననే తీసుకుంటున్నాను.

మన ఇళ్ళలో పెద్దలకు క్రికెట్టు తెలిసినంతగా ఫుట్‌బాల్ తెలియదు గనుక జరిగినది ముందు చెబుతాను. ఇండియన్ సూపర్ లీగ్ అనే పోటీ మన దేశంలో 2014లో మొదలైంది. అందులో పుణె నగరపు జట్టు ఆర్థిక ఇబ్బందులతో మూతబడగా, దాని స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. పుట్టిన ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచింది. 2020లో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశస్థుడు శిక్షకుడుగా వచ్చాడు. రెండేళ్ళు తిరగకుండానే, 2022 మార్చి 20న, గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనలు ఆడారు. ఆట 1-1తో సమమై పెనాల్టీలకు వెళ్ళింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాదుకు వచ్చింది. మరుసటి ఏడాది కూడా లీగు పట్టికలో రెండవ స్థానమే.

ఆ పైన 2023-24 వచ్చింది. నెలల తరబడి జీతాలు అందలేదని ఆటగాళ్ళు, సిబ్బంది మొర పెట్టుకున్నారు. విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బకాయిల ఫిర్యాదులు ప్రపంచ సమాఖ్య ఫిఫా దాకా వెళ్ళి, కొత్త ఆటగాళ్ళను చేర్చుకోరాదని క్లబ్బుమీద నిషేధం పడింది. జట్టు దిగిన హోటలు బిల్లు కట్టలేదని జంషెడ్‌పూర్‌లో పోలీసులకు ఫిర్యాదు వెళ్ళినట్టు పత్రికలు రాశాయి. తంగ్‌బోయ్ సింగ్టో అనే శిక్షకుడు మిగిలిన కుర్రవాళ్ళతోనే నెట్టుకొచ్చాడు. 22 ఆటల్లో గెలిచింది ఒక్కటి. మళ్ళీ అట్టడుగే. 2024లో క్లబ్బు బి.సి. జిందాల్ సంస్థల చేతికి వెళ్ళింది. 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. గచ్చిబౌలి మైదానం మాత్రం అక్కడే ఉంది.

ఇది మన తెలుగువారికే పట్టిన దరిద్రమని అనుకోకండి. ఇంగ్లండులో 1885లో పుట్టిన బరీ క్లబ్బును అప్పుల కారణంగానే 2019లో లీగు నుండి వెలివేశారు. ఇటలీలోని పార్మా క్లబ్బు 2015లో దివాలా తీసింది. దానికి ముందు ఆ క్లబ్బు చేతులు మారిన వెల ఒక యూరో, అంటే మన లెక్కలో కాఫీ ఫలహారాల ఖర్చు. క్రికెట్టు మాటకొస్తే, 2009లో కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్‌ను మనవాళ్ళు మధురవాడ వెళ్ళి కళ్ళారా చూశారు. యాజమాన్యం అప్పుల్లో కూరుకుపోగా 2012లో ఆ జట్టునూ బోర్డు రద్దు చేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫలానావారు తిన్నారు, ఫలానావారు దాచుకున్నారు అని పూజ అయ్యాక గుడి మెట్లమీద తీర్పులు చెప్పడం మనకు అలవాటు. ఆరోపణ వేరు, రుజువు వేరు. తగిన ఆధారం లేకుండా పొరుగువాడు తప్పు చేశాడని మనసులో నిశ్చయించుకోవడమే ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధమని శ్రీసభ బోధిస్తుంది. ఆ యజమానుల అంతరంగం నాకు తెలియదు, మీకూ తెలియదు. మోసం చేద్దామని మొదలుపెట్టినవారు ఎప్పుడూ కొద్దిమందే. ఎక్కువమంది లూకా శుభవార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మనిషివంటివారు. బురుజు కట్టాలని సరదాపడి, కూర్చుని ఖర్చు లెక్కవేసుకోక, పునాది దగ్గరే ఆగిపోయి నలుగురిలో నవ్వులపాలయ్యేవారు. ఈ లీగులో రాబడికి మించిన ఖర్చు అన్ని క్లబ్బుల నెత్తినా ఉంది. 2025 జులైలో కొత్త ఒప్పందం కుదరక అసలు పోటీయే వాయిదా పడింది.

అయితే అంతరంగాలు తెలియకపోయినా ఒక సంగతి మాత్రం తేటతెల్లంగా తెలుసు. పని జరిగింది, కూలి అందలేదు. ఈ రెండు మాటల మధ్యనున్న అగాధం గురించి దేవుడు చాలా కటువుగా మాట్లాడాడు.

లేవీయకాండం 19వ అధ్యాయం చూడండి. కూలివాని కూలిని తెల్లవారేదాకా నీ దగ్గర అట్టేపెట్టుకోవద్దంటుంది. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఇంకా ముందుకు జరిపింది. పొద్దు గుంకక ముందే ఇచ్చెయ్యి, వాడు పేదవాడు, దానిమీదనే ఆశ పెట్టుకొని ఉన్నాడని కారణం కూడా చెప్పింది. యాకోబుగారి లేఖ 5వ అధ్యాయంలో, ఇవ్వకుండా బిగబట్టిన కూలి తానే నోరు తెరచి కేకలు వేస్తుంది. ఆ కేక సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని పడుతుంది. అందుకే శ్రీసభ దీనిని పరలోకానికి మొరపెట్టే పాపాలలో చేర్చింది. ఆ జాబితాలో మొదట కనబడేది కయీను చిందించిన ఆబేలు రక్తం. హత్య పక్కన, ఎగవేసిన కూలి! 1891లో పదమూడవ లియో పోపుగారు కార్మికుల గురించి రాసిన 'రేరుం నోవారుం' అనే విశ్వలేఖలో కూడా దీనిని మహాపరాధమనే అన్నారు.

ద్రాక్షతోట కూలీల ఉపమానం మీరు ఎన్నిసార్లు విని ఉంటారో. దానిమీద ప్రసంగించిన ప్రతిసారీ నేను ఒక్క విషయమే చెప్పాను. చివరి గంటలో వచ్చినవానికి కూడా అదే దీనారమెందుకు, దేవుని ఔదార్యం ఎంతటిది, అని. ఈమధ్యనే మత్తయి 20వ అధ్యాయం మళ్ళీ చదువుతుంటే ఇన్నేళ్ళుగా దాటిపోయిన వాక్యమొకటి నన్ను ఆపింది. సాయంకాలం కాగానే యజమాని తన గృహనిర్వాహకుని పిలిచి, పనివారికి కూలి ఇచ్చెయ్యమన్నాడు. సాయంకాలం కాగానే! ఆ తోటలో ఎక్కువ తక్కువల గురించి సణుగుడు ఉంది గాని, కూలి అందలేదని సణిగినవాడు ఒక్కడూ లేడు. ధర్మశాస్త్రం అడిగిన న్యాయం అక్కడ ముందే జరిగిపోయింది. ఔదార్యం దానిమీద నిలబడింది.

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు న్యాయంలోని రకాలు బట్టీపట్టాను. పునీత తోమాసు అక్వినాసుగారు చెప్పిన ఇచ్చిపుచ్చుకొనే న్యాయం ఒకటుంది. నీది నీకు, నాది నాకు, తక్కెడ సమంగా ఉండాలి. అప్పుడది పరీక్షకు పనికివచ్చింది. ముప్ఫై ఏళ్ళు విచారణల్లో తిరిగాక దాని బరువు తెలిసింది. బాకీ తీర్చడం దానధర్మం కాదు. బాకీపడ్డ డబ్బు మన జేబులో ఉన్నా మనది కాదు. దానితో కానుక వేస్తే ఆ కానుక వేసింది మనం కాదు, మేస్త్రి! కూలివాడు రోజు గడవడానికి చాకిరీ చేసే పేదవాడు గనుక, తిండికి తడుముకోకుండా వెంటనే ఇవ్వాలని ధర్మశాస్త్రం శాసించిందని అదే తోమాసుగారు వివరించారు.

(ఆ విద్యాలయంలోనే సాయంకాలం ఐదింటికి అందరం మైదానంలో ఉండవలసిందే. నన్ను డిఫెన్సులో పెట్టేవారు. పరుగెత్తలేనివాణ్ణి అక్కడ నిలబెట్టేవారన్నమాట.)

ఇదే హైదరాబాదు ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పింది. సయ్యద్ అబ్దుల్ రహీంగారు బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతదేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయనకు క్యాన్సరు. మరుసటి ఏడాది కన్నుమూశారు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదులో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఆ కాలపు బిడ్డలే. పోలీసు జట్టులో ఆడినవారికి కోట్ల ఒప్పందాలు లేవు. ఉద్యోగముంది. చిన్నదో పెద్దదో, జీతముంది.

పెందుర్తిలో ఉన్న మనకు ఆలస్యపు జీతం సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు. 2024లో ఉక్కు కర్మాగారంలో జీతాలు ముక్కలుగా పడుతున్న నెలల్లో మన కుటుంబాలలో జరిగినది నేను చూశాను. పిల్లల ఫీజు ముందా, ఇంటి వాయిదా ముందా అని భార్యాభర్తలు గొడవపడి నా దగ్గరకు వచ్చారు. కిరాణాకొట్టు మనిషి పుస్తకంలో రాసుకోవడం మానేశాడని ఒక తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయలు ప్రకటించినప్పుడు మనం సంతోషించాము. కాని కాంట్రాక్టు కార్మికుల ఇళ్ళలో ఆ సంతోషం సగమే. ఎవరి పని ఎప్పుడు పోతుందోనన్న భయం వారిని వదలలేదు. ఒక పెద్ద సంస్థ తడబడితే ముందు ఎండిపోయేది చివరి కాలువే. ఫుట్‌బాల్ క్లబ్బుకైనా అంతే. పేరున్న ఆటగాడు ఫిఫాకు ఉత్తరం రాయగలడు. బట్టలు ఉతికేవాడు, బస్సు నడిపేవాడు ఎవరికి రాస్తాడు?

ఇంతవరకు చదివి, ఫాదర్ గారు పెద్దవాళ్ళను బాగా కడిగేశారని కొందరు తృప్తిపడుతూ ఉండవచ్చు. అందుకని నా సంగతి చెబుతాను.

ఇంతకు మునుపు నేనున్న ఒక విచారణలో ప్రహరీగోడ కట్టించాము. మేస్త్రికి చివరి వాయిదా ఎనిమిది వేలు మిగిలింది. అంతలో తిరునాళ్ళు వచ్చాయి. దీపాలు, బ్యాండు, భోజనాలు. పండుగ కానుకలు వచ్చాక ఇద్దామనుకున్నాను. మేస్త్రి ఒకసారి వచ్చాడు, రేపు రమ్మన్నాను. మళ్ళీ వచ్చి గేటు దగ్గర కాసేపు నిలబడి, నేను మనుషులతో మాట్లాడుతుంటే చూసి వెళ్ళిపోయాడు. మూడవసారి ఆయన రాలేదు, భార్య వచ్చింది. డబ్బు మాట ఎత్తలేదు. చేతులు కట్టుకొని నిలబడి, "ఫాదర్ గారండీ, గోడ బాగా రాలేదాండీ?" అని అడిగింది.

పని బాగులేదు కాబోలు, అందుకే ఇవ్వడం లేదు కాబోలు అని ఇంట్లో ఇద్దరూ అనుకున్నారట. నేను ఆపినది ఎనిమిది వేలే అనుకున్నాను. ఆ మనిషికి తన చేతిపనిమీద ఉన్న నమ్మకాన్ని కూడా ఆపానని అప్పుడు తెలిసింది. లోపలికి వెళ్ళి, బ్యాండుకు కట్టి ఉంచిన కవరు విప్పి ఇచ్చాను. ఆ వారమే మరొక గురువు దగ్గరకు వెళ్ళి పాపసంకీర్తనం చేసుకున్నాను. ఆ ఏడు మేళం లేకుండానే ప్రదక్షిణ జరిగింది. జపమాల చెప్పుకుంటూ నడిచాము. ఒకరిద్దరు పెద్దలకు కోపం వచ్చింది.

మన ఇళ్ళలోనూ ఇటువంటి కవర్లు ఉన్నాయి. పనిమనిషికి పండుగ పేరు చెప్పి పది రోజులు జరిపిన జీతం. పిల్లలను బడికి దింపే ఆటో అతనికి సెలవుల నెలలో కోసిన డబ్బు. ట్యూషను చెప్పే పేద అమ్మాయికి వచ్చే నెల కలిపి ఇస్తామన్న మాట. మనకు జీతం ఆలస్యమైనందుకు వారికి ఆలస్యం చేస్తే కొంతవరకు అర్థం చేసుకోవచ్చు. అప్పుడు కూడా వారిని పిలిచి, కూర్చోబెట్టి, ఉన్నమాట చెప్పాలి. ఇవ్వగలిగి ఇవ్వకపోవడం వేరు.

ఆ పసుపు చొక్కా పిల్లవాడికి వచ్చే ఆదివారం చెప్పవలసిన జవాబు నా దగ్గర ఇప్పుడు కొంత ఉంది. వాడికి చెప్పే ముందు మరొక పని మిగిలింది. మన విచారణ ఇవ్వవలసిన బాకీలన్నీ కాగితంమీద రాసి శనివారం సాయంత్రం చీకటి పడకముందే నా బల్లమీద పెట్టమని కోశాధికారిగారికి చెప్పాను. క్రిస్మసుకు మైకుసెట్టు పెట్టినతనిది మొదటి పేరు.