పుట్టుకా, స్థానమా?

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల చప్పుడు నడుమ తెలుగు మాట వినిపించడం వింత కాదు. తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాలుగా వలస వెళ్ళిన నేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, అక్కడ స్థిరపడ్డాయి. ఆ ఇళ్ళలో ఏదో ఒకనాడు ఒక ప్రశ్న తలెత్తక మానదు: సాలెవాని బిడ్డ మగ్గం ముందే నిలవాలా? “విద్య రక్తంలోనే ఉన్నది” అన్న మాట కొందరికి గర్వకారణం, మరికొందరికి సంకెల. రక్తంలో ఉన్నదేమిటో, లేనిదేమిటో విచారించడానికి ఒక చిన్న ఈగ తోడ్పడుతుంది.

మాగిన పండ్లపై ముసిరే డ్రోసోఫిలా ఈగ దేహం ఖండాలుగా ఏర్పడుతుంది. వక్షంలోని రెండవ ఖండం నుంచి రెక్కల జత, మూడవ ఖండం నుంచి ఎగిరేటప్పుడు తూకం నిలిపే హాల్టియర్లనే బొడిపెలు వస్తాయి. ఒక అవయవం ఉండవలసిన చోట మరొకటి మొలిచే వైపరీత్యానికి 1894లో బేట్సన్ ‘హోమియోసిస్’ అని పేరు పెట్టాడు. 1915లో కాల్విన్ బ్రిడ్జెస్ అటువంటి ఈగనే కనుగొన్నాడు. దశాబ్దాల పరిశోధనతో ఎడ్వర్డ్ లూయిస్ ఈ జన్యువుల పనితీరును వివరించి, నాలుగు రెక్కల ఈగను సృష్టించి చూపాడు. 1995లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో పంచుకున్నాడు.

ఇందులోని మర్మం సరళమైనదే. దేహంలోని ప్రతి ఖండానికీ దక్కిన జన్యు వారసత్వం ఒక్కటే. ఏ ఖండంలో ఏ హోమియోటిక్ జన్యువు పనిచేస్తున్నదన్న దానిని బట్టి ఆ ఖండం స్వరూపం నిర్ణయమవుతుంది. మూడవ ఖండంలో అల్ట్రాబైథొరాక్స్ అనే జన్యువు రెక్క నిర్మాణాన్ని అణచి హాల్టియర్‌ను తీర్చిదిద్దుతుంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో శశిధర, ఆయన సహచరులు ఈ అణచివేత జరిగే తీరును పరిశోధించారు. జాకార్డ్ మగ్గం ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది: పడుగు అదే, పేక అదే; ఏ పోగు లేవాలో చెప్పే అట్టలు మారితే పువ్వు మారుతుంది.

దీని నుంచి తొందరపడి రెండు తీర్మానాలు చేయవచ్చు. ఎవరి స్థానం వారికి ప్రకృతే నిర్ణయించినదని మొదటిది. అయితే ఖండాల మధ్య భేదం ఉన్నతమైన వారసత్వం వల్ల వచ్చినది కాదు గనుక, పుట్టుకతో హెచ్చుతగ్గులు చెప్పేవారికి ఈగ సాక్ష్యం పలకదు. అణచివేతను తొలగిస్తే చాలు, అంతా మేలే అన్నది రెండవది. అదీ నిలవదు. నాలుగు రెక్కలున్న ఈగ ఎగరలేదు. తూకం నిలిపే హాల్టియర్లను అది పోగొట్టుకున్నది. సీతాకోకచిలుక వెనుక రెక్కలలోనూ అదే జన్యువు పనిచేస్తుంది, కాని అక్కడ రెక్క రెక్కగానే మిగులుతుంది. ఒకే ఆజ్ఞకు ఒక్కొక్క వంశంలో ఒక్కొక్క ఫలితం.

అసలు చిక్కు పోలికలోనే ఉన్నది. ఖండానికి కోరిక లేదు, దానిని అక్కడ నిలిపిన జన్యువును నిందించేవారూ లేరు. మరమగ్గాల షెడ్డులో మాత్రం అట్టలు అమర్చేది మనుషులే. కూలి, బడి, అప్పు, కులం అన్నీ మనుషులు అమర్చినవే. అందుచేత వాటికి జవాబుదారీ కూడా మనుషులే వహించాలి. తండ్రి పనితనం చూసి ముచ్చటపడి కొడుకు మగ్గం చేపడితే అది వారసత్వం. బడి తలుపు తెరచుకోనందువల్ల చేపడితే అది ఏర్పాటు. రెండింటినీ ‘రక్తం’ అన్న ఒకే మాటతో కప్పిపుచ్చినంతకాలం, సరిదిద్దదగిన దానిని కూడా ప్రకృతి ఖాతాలో వేస్తూనే ఉంటారు.